కారు కిందికి దించేశారా? అరకు ఘాట్ ఎక్కే ముందు ఈ లెక్క చూసుకోండి.. టైరు ఎక్కడ తగులుతుందంటే!

శృంగవరపుకోట: వీకెండ్ వస్తే చాలు.. విశాఖ నుంచి అరకు వెళ్లే కార్లతో ఎస్.కోట రోడ్డు సందడిగా మారిపోతుంది. టీ కొట్టు దగ్గర ఓ పది నిమిషాలు నిలబడితే మీకే కనిపిస్తుంది. వచ్చే కార్లలో కొన్ని నేలకి బాగా దగ్గరగా ఉంటాయి. పెద్ద అల్లాయ్ వీల్స్, సన్నటి టైర్లు, వీల్ ఆర్చ్‌లో వేలు కూడా దూరనంత గ్యాప్. ఫోటోలో, రీల్‌లో చూస్తే అదిరిపోతుంది. అసలు పరీక్ష ఇక్కడి నుంచే మొదలవుతుంది. బొడ్డవర దాటి ఘాట్ ఎక్కితే మలుపు మీద మలుపు. స్టీరింగ్ చివరిదాకా తిప్పాలి, కారు నిండా మనుషులు, డిక్కీ నిండా బ్యాగులు. అప్పుడు వినిపిస్తుంది ఆ శబ్దం.. గర్ర్‌ర్‌మని!

"ఏటి బావా ఆ సౌండు? ఎక్కడో రాసుకుంటందేటి?" అని వెనక సీట్లోంచి అడిగితే, స్టీరింగ్ పట్టుకున్నవాడు మ్యూజిక్ సౌండ్ పెంచేస్తాడు. చాలామంది చేసేది ఇదే. కానీ ఆ శబ్దం అంటే టైరు పక్కభాగం ఫెండర్ అంచుకో, లోపలి ప్లాస్టిక్ లైనర్‌కో రాసుకుంటోందని అర్థం. ప్లాస్టిక్‌కి తగిలితే పెద్దగా కొంప మునగదు. ఇనుప అంచుకి తగిలితే మాత్రం టైరు సైడ్‌వాల్ కోసుకుపోతుంది. టైరులో అన్నిటికంటే పల్చటి భాగం అదే, అక్కడ పంక్చర్ కూడా వేయరు. ఘాట్ దిగేటప్పుడు అది పేలితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

మరి కారు కిందికి దించినవాళ్లు ఏ సైజు వీల్, ఏ సైజు టైరు వేసుకోవాలి? టైరు షాపులో అడిగితే "పదహారు వేసేయండి సార్, సూట్ అవుద్ది" అంటారు. ఆ మాట సగమే నిజం.

దించడం వల్లే తగులుతుందా?

చాలామంది అలాగే అనుకుంటారు. పూర్తిగా కరెక్ట్ కాదు. షాక్ అబ్జార్బర్ రాడ్డు మీద బంప్ స్టాప్ అని ఓ రబ్బరు లేదా ఫోమ్ ముక్క ఉంటుంది. చక్రం పైకి ఎంతవరకు రావచ్చో డిసైడ్ చేసేది అదే. కంపెనీ ఇచ్చిన వీల్, కంపెనీ ఇచ్చిన టైరు ఆ హద్దు దాకా వచ్చినా దేనికీ తగలకుండా డిజైన్ చేస్తారు. స్ప్రింగ్ మార్చి కారు దించినా, బంప్ స్టాప్ అలాగే ఉంటే ఆ హద్దు మారదు. అంటే కంపెనీ టైర్లతోనే దించితే సాధారణంగా తగలకూడదు.

మరి తేడా ఎక్కడ? ఉదాహరణకి కారు మామూలుగా నిలబడినప్పుడు చక్రం పైకి వెళ్లడానికి 80 మిల్లీమీటర్ల చోటు ఉందనుకుందాం. 40 మి.మీ. దించితే మిగిలింది 40. అంతకుముందు ఏ పెద్ద గోతిలోనో పడితే తప్ప చక్రం ఆ హద్దు దాకా వచ్చేది కాదు. ఇప్పుడు ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ వస్తుంది. సంవత్సరానికి ఒకసారి జరిగేది రోజుకి పదిసార్లు జరుగుతుందన్నమాట. అక్కడ కొత్త టైరు ఓ 5 మి.మీ. బయటికి ఉన్నా, ప్రతిసారీ తగులుతూనే ఉంటుంది.

ఇంకో మాట. దించేటప్పుడు కొందరు మెకానిక్‌లు "చోటు కోసం" బంప్ స్టాప్‌ని సగానికి కోసేస్తారు. అప్పుడు కంపెనీ పెట్టిన హద్దు పోయినట్టే, టైరు ఇంతకుముందు ఎప్పుడూ వెళ్లని చోటికి వెళ్తుంది. అసలు స్ప్రింగులనే గ్రైండర్‌తో కోసి దించేవాళ్లూ ఉన్నారు. డబ్బు మిగులుతుంది, నిజమే. కానీ కోసిన స్ప్రింగ్ పొట్టిదైపోతుంది కాబట్టి, చక్రం గోతిలోకి జారినప్పుడు అది తన సీటులో బిగువుగా కూర్చోదు, వదులైపోతుంది. చక్రం మళ్లీ పైకొచ్చేటప్పుడు వంకరగా కూర్చోవచ్చు. ఘాట్ రోడ్డు మీద ఇది ఆడాల్సిన ఆట కాదు. దించాలనుకుంటే ఆ కారు మోడల్ కోసమే తయారైన లోయరింగ్ స్ప్రింగులు, వాటికి సరిపోయే షాక్ అబ్జార్బర్లు వాడాలి. బడ్జెట్ లేకపోతే దించకుండా ఆగడమే బెటర్.

టైరు మీద నంబర్‌తో మొదలుపెట్టండి

మారుతి స్విఫ్ట్‌నే తీసుకుందాం. 2018 మోడల్ స్విఫ్ట్‌లో కింది వేరియంట్లకి 165/80 ఆర్14, టాప్ వేరియంట్‌కి 185/65 ఆర్15 టైర్లు వచ్చాయి. 185 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 65 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం. 15 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో.

లెక్క వేద్దాం. 185లో 65 శాతం అంటే 120.25 మి.మీ. పైనా కిందా కలిపి రెండింతలు 240.5. పదిహేను అంగుళాలు అంటే 381 మి.మీ. మొత్తం 621.5. ఇదే టైరు మొత్తం ఎత్తు. అదే లెక్కన 165/80 ఆర్14 ఎత్తు 619.6. చూశారా, రెండు వేరియంట్లకి రిమ్ము వేరైనా మొత్తం ఎత్తులో తేడా 2 మి.మీ. లోపే! కంపెనీ వాడిన సూత్రం అదే. రిమ్ము పెంచితే రబ్బరు తగ్గించాలి, మొత్తం ఎత్తు మారకూడదు.

ఇప్పుడు పదహారు వేయాలనుకుంటే? 195/55 ఆర్16 ఎత్తు 620.9. అంటే దాదాపు సమానం. 205/55 ఆర్16 అయితే 631.9. పదకొండు మిల్లీమీటర్లు ఎక్కువ, వ్యాసార్థంలో ఐదు. వినడానికి చిన్న నంబరే. వీల్ ఆర్చ్‌లో ముందే వేలు దూరని కారుకి మాత్రం చిన్నది కాదు. పదిహేనులోనే ఉండి 195/65 ఆర్15 వేస్తే 634.5, ఇంకా ఎక్కువ. "ఒక సైజు పెంచాను అంతే" అనేవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. వెడల్పు 185 నుంచి 195కి పెంచినప్పుడు పక్కన ఉన్న 65 అలాగే ఉంచేస్తారు. శాతం కాబట్టి ఎత్తు కూడా దానంతటదే పెరిగిపోతుంది.

తగలకుండా ఉండాలని దీనికి రివర్స్‌లో వెళ్లేవాళ్లూ ఉన్నారు. 195/45 ఆర్16 వేస్తారు. ఎత్తు 582 మి.మీ.కి పడిపోతుంది. ఫెండర్‌కి తగలదు సరే.. కారు ఇంకో 20 మి.మీ. కిందికి దిగుతుంది, ఈసారి అడుగు భాగం రోడ్డుకి గీసుకుంటుంది. స్పీడోమీటర్ 60 చూపిస్తే నిజానికి కారు వెళ్లేది 56 దగ్గరే. పైగా రబ్బరు సన్నం కాబట్టి గోతిలో పడితే దెబ్బ నేరుగా రిమ్ముకే. వానాకాలం తర్వాత మన రోడ్ల మీద అల్లాయ్ వంకరపోవడానికి ఒక్క గొయ్యి చాలు.

కంపెనీ టైరు ఎత్తుకి అటూ ఇటూ 2 శాతం దాటకుండా చూసుకోవడం మంచి పద్ధతి. దించిన కారుకైతే పెరిగే వైపు వెళ్లకపోతేనే నయం.

సైజు పక్కన ఇంకో నంబర్ ఉంటుంది, దాన్ని ఎవరూ చూడరు. లోడ్ ఇండెక్స్. 88 అంటే ఆ టైరు 560 కిలోలు మోస్తుంది. 87 అంటే 545. 185/65 ఆర్15 మీద సాధారణంగా 88 ఉంటుంది, 195/55 ఆర్16 మీద 87. తేడా చిన్నదే. కానీ ఐదుగురితో ఘాట్ ఎక్కే కారుకి కంపెనీ ఇచ్చిన నంబర్ కంటే తగ్గకపోవడమే సేఫ్. డ్రైవర్ డోర్ తెరిస్తే పక్క పిల్లర్ మీద స్టిక్కర్ ఉంటుంది. సైజు, గాలి ఎంత పెట్టాలి అన్నీ అందులోనే ఉంటాయి. షాపుకి వెళ్లేముందు ఫోన్‌తో దాన్నొక ఫోటో తీసుకోండి.

అసలు విలన్ ఆఫ్‌సెట్!

టైరు సైజు కరెక్ట్‌గా ఉన్నా తగులుతోందంటే, పదింట తొమ్మిదిసార్లు అనుమానించాల్సింది రిమ్మునే. రిమ్ము వెనకవైపు ఈటీ అని, దాని పక్కన 45, 40, 35 లాంటి నంబర్ అచ్చు వేసి ఉంటుంది. దీన్నే ఆఫ్‌సెట్ అంటారు. రిమ్ము వెడల్పుకి సరిగ్గా మధ్యలో ఓ గీత గీశామనుకోండి. హబ్‌కి బిగించే ముఖం ఆ గీత నుంచి బయటివైపుకి ఎన్ని మిల్లీమీటర్లు ఉందో ఆ నంబర్ చెబుతుంది. నంబర్ తగ్గేకొద్దీ చక్రం బయటికి పొడుచుకొస్తుంది. పెరిగేకొద్దీ లోపలికి వెళ్తుంది.

ఒక ఉదాహరణ. పాత రిమ్ము ఐదున్నర అంగుళాల వెడల్పు, ఈటీ 45 అనుకుందాం. షాపులో నచ్చింది ఏడు అంగుళాలు, ఈటీ 35. ఏడు అంగుళాల్లో సగం 88.9 మి.మీ. అందులోంచి 35 తీసేస్తే 53.9. పాతదానిలో సగం 69.85, అందులోంచి 45 తీస్తే 24.85. ఈ రెండింటి తేడా 29 మి.మీ. అంటే కొత్త రిమ్ము అంచు పాతదానికంటే దాదాపు మూడు సెంటీమీటర్లు బయటికి వచ్చేసింది! లోపలివైపు లెక్కకి తీసేయకుండా కలపాలి: 88.9కి 35 కలిపితే 123.9, పాతది 114.85. లోపలికి కూడా 9 మి.మీ. పెరిగింది. బయట ఫెండర్ అంచుకి, లోపల షాక్ అబ్జార్బర్‌కి.. రెండు వైపులా ముప్పే.

అదే ఆరు అంగుళాలు, ఈటీ 40 తీసుకుంటే? బయటికి 11 మి.మీ., లోపలికి ఒక్క మిల్లీమీటరు చిల్లర. 195/55 ఆర్16 టైరుకి ఆరు అంగుళాల రిమ్ము చక్కగా సరిపోతుంది. చాలా కార్లలో ఇది సర్దుకుంటుంది. షోకేసులో మాత్రం ఏడు అంగుళాలది, బయటికి పొంగినట్టు ఉండే డిజైనే కనిపిస్తుంది. అమ్ముడయ్యేది కూడా అదే.

కొందరు వీల్ స్పేసర్లు పెడతారు. 10 మి.మీ. స్పేసర్ పెట్టడమంటే ఈటీ 45 రిమ్ముని ఈటీ 35గా మార్చినట్టే. లోపల తగులుతున్న చక్రం బయటికి వస్తుంది, ఇప్పుడు బయట తగులుతుంది. జబ్బు మారింది, పోలేదు.

బోల్టుల లెక్క కూడా చూసుకోవాలి. స్విఫ్ట్, ఐ20, సిటీ లాంటి కార్లకి 4×100 అంటే నాలుగు నట్లు, వంద మిల్లీమీటర్ల వలయం. ఫోక్స్‌వ్యాగన్ పోలోకి 5×100. మధ్య రంధ్రం కూడా ఒక్కో కారుకి ఒక్కోలా ఉంటుంది. స్విఫ్ట్‌కి 54.1 మి.మీ. బయట కొనే అల్లాయ్స్‌కి రంధ్రం పెద్దగా ఉంటే మధ్యలో సెంటరింగ్ రింగు వేయించుకోవాలి. లేదంటే స్పీడ్‌లో స్టీరింగ్ వణుకుతుంది.

మీ కారులో ఎంత చోటుంది?

ఇది ఇంట్లోనే చూసుకోవచ్చు. చదునైన చోట కారు పెట్టి, స్టీరింగ్ నిటారుగా ఉంచండి. ఫెండర్ అంచు నుంచి ఓ దారానికి చిన్న బరువు కట్టి వేలాడదీయండి, తాపీ మేస్త్రి గుండు దారంలా. ఆ దారానికి, టైరు పక్కగోడకి మధ్య ఎంత దూరం ఉందో స్కేలుతో కొలవండి. అదే మీ బయటి చోటు. ఇక ముందు చక్రం లోపల చెయ్యి పెట్టి టైరుకి, షాక్ అబ్జార్బర్ గొట్టానికి మధ్య గ్యాప్ కొలవండి. అదే లోపలి చోటు.

ఇక్కడ ఓ మంచి విషయం ఉంది. మన దగ్గర తిరిగే చిన్న కార్లలో దాదాపు అన్నిటికీ ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ సస్పెన్షనే. అందులో షాక్ అబ్జార్బర్, చక్రం ఒకదానికొకటి బిగించి ఉంటాయి, రెండూ కలిసే పైకీ కిందికీ కదులుతాయి. కాబట్టి నిలబెట్టినప్పుడు లోపల ఉన్న గ్యాప్ గోతిలో పడినా దాదాపు అంతే ఉంటుంది. ఐదారు మిల్లీమీటర్లు మిగిలితే భయం లేదు. బయటివైపు అలా కాదు. ఫెండర్ బాడీకి చెందింది, చక్రం దాని లోపలికి దూరుతుంది. అక్కడ నిలబెట్టి కొలిచిన గ్యాప్‌ని నమ్మడానికి లేదు.

ఇంకో తిరకాసు కూడా ఉంది. టైరు మీద 195 అని రాసినంత మాత్రాన అన్ని కంపెనీలవీ ఒకే వెడల్పు ఉండవు, కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉంటాయి. కొన్నిటికి భుజాలు గుండ్రంగా, కొన్నిటికి చతురస్రంగా ఉంటాయి. చతురస్రంగా ఉన్నది ముందు తగులుతుంది. రిమ్ము అర అంగుళం వెడల్పైతే అదే టైరు ఇంకో 5 మి.మీ. పరుచుకుంటుంది. స్నేహితుడి కారుకి తగల్లేదు కాబట్టి మనదానికీ తగలదనుకోవడం అందుకే కుదరదు.

ఘాట్‌లోనే ఎందుకు బయటపడుతుంది?

టౌన్‌లో నెలంతా తిరిగినా రాని శబ్దం టైడా, డముకు మలుపుల్లో ఎందుకొస్తుందంటే.. మూడు పనులు ఒకేసారి జరుగుతాయి కాబట్టి. హెయిర్‌పిన్‌లో స్టీరింగ్ చివరిదాకా తిరుగుతుంది. కారు మలుపుకి బయటి వైపుకి ఒరుగుతుంది, ఆ వైపు చక్రం ఆర్చ్‌లోకి దూరుతుంది. దిగేటప్పుడైతే బ్రేకు మీద కాలు, బరువంతా ముందుకి. ఇదే ముందు టైర్లకి అత్యంత కష్టమైన క్షణం. టైరు ముందు అంచు బంపర్ మూలకి, వెనక అంచు లైనర్‌కి లేదా మడ్‌ఫ్లాప్‌కి తగిలేది ఇక్కడే. ఆఫ్‌సెట్ తగ్గించి చక్రాన్ని బయటికి తెచ్చారా, తిరిగేటప్పుడు అది వేసే వలయం కూడా పెద్దదవుతుంది. ఫెండర్‌కి తగలకపోయినా బంపర్ మూలకి తగులుతుంది.

ఎక్కేటప్పుడు వెనక చక్రాల వంతు. ముగ్గురు వెనక సీట్లో, డిక్కీలో సామాను, ఏటవాలు రోడ్డు.. వెనక భాగం బాగా కుంగుతుంది. వెనక ఫెండర్ లోపలివైపు మడిచిన ఇనుప రేకు అంచు ఉంటుంది, అదే కత్తి. గ్యారేజీలో ఖాళీ కారుకి రెండు వేళ్ల గ్యాప్ ఉందని మురిసిపోతే లాభం లేదు. (విశాఖ-కిరండూల్ రైలు ఎక్కితే ఈ గొడవే లేదనేవాళ్లూ ఉన్నారు, అది వేరే సంగతి.)

డబ్బు కట్టేముందే టెస్ట్ చేయించుకోండి

నాలుగు టైర్లూ బిగించి, బిల్లు కట్టి, ఇంటికొచ్చాక శబ్దం వస్తే షాపువాళ్లు వెనక్కి తీసుకోరు. ముందు ఒక్క రిమ్ము, ఒక్క టైరు మాత్రమే బిగించమని అడగండి. మంచి షాపులైతే కాదనవు. టైరు భుజం మీద సుద్దముక్కతో గట్టిగా రాయండి. వెనక నలుగురిని కూర్చోబెట్టి, స్టీరింగ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పుతూ మెల్లగా ముందుకీ వెనక్కీ కదపండి. ఆ తర్వాత ఒక ముందు చక్రాన్ని కాలిబాట అంచు లాంటి ఎత్తు మీదకి ఎక్కించి మళ్లీ తిప్పండి. లైనర్ మీద తెల్లటి మరక పడిందా, అక్కడ తగిలినట్టే. వెనక చక్రాలకీ అంతే.

ఇంకా పక్కాగా చూడాలంటే మెకానిక్‌తో స్ప్రింగ్ తీయించి, జాకీతో చక్రాన్ని బంప్ స్టాప్ దాకా లేపి చూడాలి. శ్రమ ఎక్కువ. కానీ ఇంతకుమించిన పరీక్ష లేదు.

కొద్దిగా తగులుతుంటే మడ్‌ఫ్లాప్ తీసేయడం, లైనర్ క్లిప్పులు సరిచేయడంతో సరిపోతుంది. ఫెండర్ లోపలి అంచుని రోలర్‌తో పైకి మడిచే పద్ధతి కూడా ఉంది. జాగ్రత్తగా చేయకపోతే పెయింట్ పగిలి, సముద్రం గాలికి తుప్పు మొదలవుతుంది. వెడల్పు రిమ్ముకి ఇరుకు టైరుని లాగి తొడగడం ఫోటోలకి బాగుంటుంది, గోతిలో పడితే టైరు అంచు రిమ్ము నుంచి ఊడిపోవచ్చు. దాని జోలికి వెళ్లొద్దు.

దించాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. కారు దిగితే చక్రాల పైభాగం లోపలికి వంగుతుంది, టో కూడా మారుతుంది. వదిలేస్తే లోపలి అంచు కొద్ది వేల కిలోమీటర్లకే నున్నగా అరిగిపోతుంది. బయటి నుంచి చూస్తే టైరు కొత్తదానిలాగే కనిపిస్తుంది, అదే ప్రమాదం.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కి, ఆర్‌సీలో ఉన్న వివరాలకి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళకి చెందిన ఓ కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చి చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టంలో సెక్షన్ 182ఏ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. అందుకే ముందు ఆర్టీఓ ఆఫీసులో కనుక్కుని దిగడం మంచిది. అదే మోడల్ టాప్ వేరియంట్‌కి కంపెనీ ఇచ్చిన టైరు సైజుకి మారడం అన్నిటికంటే గొడవ లేని దారి. కొత్త అల్లాయ్స్ సంగతి ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి ఉంచండి. రేపు క్లెయిమ్ వేళ కిరికిరి ఉండదు.

అన్నీ చూసుకున్నాక కూడా మొదటిసారి అరకు వెళ్లొస్తే, ఎస్.కోట దిగాక ఎక్కడైనా ఆపి ఫోన్ టార్చి వేయండి. నాలుగు ఆర్చ్‌ల లోపలా చూడండి. దుమ్ము పట్టిన లైనర్ మీద నల్లగా, నున్నగా మెరిసే గీత ఉంటే అక్కడ టైరు తగిలినట్టు. తర్వాత టైరు పక్కగోడ మీద చేత్తో తడమండి. గీతలా నున్నగా ఉంటే రాపిడే, మరీ కంగారు లేదు. గోరు దిగేలా కోత ఉన్నా, దారాలు కనిపించినా ఆ టైరుతో విశాఖ దాకా వెళ్లొద్దు. స్టెప్నీ అక్కడే మార్చేయండి.